ఎనభయ్యో రేఖాంశం పక్కన ఒక రేడియో లాగ్

నెల్లూరుకు పటాల్లో ఇచ్చే రేఖాంశం 79.9865 డిగ్రీల తూర్పు. అంటే ఊరి నడిబొడ్డు నుంచి తూర్పు దిక్కుగా కిలోమీటరున్నర పోతే ఎనభయ్యో రేఖాంశం తగులుతుంది. ఆ గీత కంటికి కనబడదు, దాని పేర వీధి లేదు, బోర్డు లేదు, ఊళ్లో ఎవరికీ దానితో పనీ పడదు. లైసెన్సు తీసుకొని సరదాకు రేడియోలో మాట్లాడుకునే అమెచ్యూర్ రేడియోవారికి, అంటే హ్యామ్‌లకు మాత్రం పడుతుంది. ఆరుబయట రేడియో నడపడానికి కావలసిన ప్రోగ్రామును ఒక ఏఐ సహాయకుడి చేత రాయించుకున్నప్పుడు ఆ గీత, దానితోపాటు మన ప్రాంతానికే చెందిన మరి కొన్ని సంగతులు నాకు ఎంత అక్కరకు వచ్చాయో ఈ టపాలో రాస్తున్నాను.

తాము ఎక్కడి నుంచి మాట్లాడుతున్నారో చెప్పడానికి హ్యామ్‌లు అక్షాంశ రేఖాంశాలను పొడవుగా చదవరు. గ్రిడ్ లొకేటర్ అనే పొట్టి గుర్తు చెబుతారు. 1980లో ఇంగ్లండులోని మెయిడెన్‌హెడ్‌లో జరిగిన సమావేశంలో రూపుదిద్దుకున్న పద్ధతి కనుక దానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. పడమటి 180 డిగ్రీల నుంచి మొదలుపెట్టి భూగోళాన్ని 20 డిగ్రీల వెడల్పు, 10 డిగ్రీల ఎత్తు గల పెద్ద గళ్లుగా విభజించి, ఒక్కో గడికి రెండేసి ఇంగ్లిషు అక్షరాలు ఇస్తారు. ఆ పెద్ద గడిని నూరు చిన్న గళ్లు చేసి రెండు అంకెలు జోడిస్తారు. ఇంకా సూక్ష్మంగా కావాలంటే మరో రెండు అక్షరాలు చేరుస్తారు. ఈ లెక్కలో ఎనభయ్యో రేఖాంశం చిన్న గడికే కాదు, ఏకంగా పెద్ద గడికే సరిహద్దు. అందువల్ల నెల్లూరు గాంధీబొమ్మ దగ్గర నిలబడినవారు ఎంకే94లో ఉంటే, మైపాడు సముద్రపు ఒడ్డున నిలబడినవారు ఎన్‌కే04లో ఉంటారు. పెంచలకోన, ఉదయగిరి ఎంకే94 కిందికి వస్తాయి. ఒంగోలు, కొత్తపట్నం ఎన్‌కే05, కందుకూరు ఎంకే95. కావలి పట్టణమైతే గీతను దాదాపు ఆనుకొనే ఉంది.

నేను వృత్తిరీత్యా లెక్కల పద్దులు చూసుకునేవాణ్ని, ప్రోగ్రామర్‌ను కాను. రేడియోలో నాది రిస్ట్రిక్టెడ్ గ్రేడ్ లైసెన్సు, అంటే నా కాల్‌సైన్ (స్టేషన్ గుర్తింపు పేరు) వీయూ3తో మొదలవుతుంది. ఆరుబయట రేడియో పెట్టుకున్నప్పుడు లాగ్, అంటే ఎవరితో ఎప్పుడు మాట్లాడామో రాసుకునే పద్దు, రాయడం పెద్ద తలనొప్పి. ఒక చేతిలో మైకు, మరో చేతిలో పెన్ను, గాలికి ఎగిరే కాగితం మీద మోచెయ్యి. ఈలోగా అవతలివారు తమ కాల్‌సైన్ చెప్పడం, వెళ్లిపోవడం కూడా అయిపోతాయి. కాల్‌సైన్ ఒక్కటి కొడితే చాలు, సమయం, గ్రిడ్, ఫ్రీక్వెన్సీ తనంతట తానే నింపుకొనే చిన్న ప్రోగ్రాము ఫోన్‌లోను, లాప్‌టాప్‌లోను ఉంటే బాగుండునని చాలాకాలంగా అనుకుంటున్నాను. 2021లో కోడ్ రాసిపెట్టే ఏఐ సాధనం గిట్‌హబ్ కోపైలట్ ప్రయోగాత్మకంగా వెలువడినప్పుడు అది ప్రోగ్రామర్ల వ్యవహారమని పట్టించుకోలేదు. 2025 ఫిబ్రవరిలో ఏఐ పరిశోధకుడు ఆండ్రే కర్పతీ 'వైబ్ కోడింగ్' అన్న మాటను వాడుకలోకి తెచ్చేనాటికి నాలాంటివాళ్లు కూడా మాటల్లో చెప్పి ప్రోగ్రాములు రాయించుకునే రోజులు వచ్చేశాయి. అయితే వచ్చిన కోడ్‌ను చదవకుండానే ఒప్పుకుంటూ పోవడమనే ఆ పద్ధతి ఆటవస్తువులకు సరిపోతుందేమో గాని లాగ్‌బుక్కుకు సరిపోదు. వోచరు చూడకుండా పద్దు రాయడం మా వృత్తిలో ఎంత నిషిద్ధమో ఇదీ అంతే.

మొదట అడిగింది ఫోన్ జీపీఎస్ నుంచి గ్రిడ్ లెక్కగట్టే భాగం. ఆదేశాలు తెలుగులోనే రాశాను. అర్థం చేసుకోవడంలో దానికి ఇబ్బంది ఏమీ కలగలేదు. నిమిషం తిరగకుండా కోడ్ వచ్చింది, దానితోపాటు కోడ్‌ను సరిచూసే పరీక్షలు కూడా వచ్చాయి. ఆ పరీక్షల్లో బెర్లిన్, టోక్యో, సిడ్నీ ఉన్నాయి. మూడూ పాసయ్యాయి. నేను గాంధీబొమ్మ సెంటరు అంకెలు ఇచ్చి చూస్తే మాత్రం ఎంకే94 రావలసిన చోట ఎన్‌కే04 వచ్చింది. కారణం కోడ్‌లోనే వ్యాఖ్య రూపంలో వినయంగా రాసి ఉంది: జీపీఎస్ అంకెలు క్షణక్షణానికి ఊగిసలాడతాయి కనుక వాటిని ముందుగా ఒక దశాంశ స్థానానికి సవరిస్తున్నానని. 79.9865ను ఒక దశాంశానికి సవరిస్తే 80.0 అవుతుంది, దాంతో నెల్లూరు మొత్తం గీత దాటి తూర్పుకు పోయింది. బెర్లిన్‌కు, టోక్యోకు ఆ సవరణ వల్ల వచ్చిన నష్టం ఏమీ లేదు, ఎందుకంటే ఆ నగరాల అంకెలు తమ గడి అంచుకు అంత దగ్గరగా లేవు.

చెప్పగానే క్షమాపణ కోరి సరిచేసింది. క్షమాపణల విషయంలో ఈ సహాయకులు ఎంతో ఉదారులు; కాకపోతే మనం అడిగేవరకు ఆ తప్పు అక్కడే ఉంటుంది. నాకు బోధపడినది ఏమిటంటే, ఈ పనిలో తప్పులు రెండు జాతులవి. మొదటి జాతి తప్పును రేడియోయే పట్టిస్తుంది. రెండో జాతి తప్పును ఎవరూ పట్టించరు. ప్రోగ్రాము నడుస్తుంది, తెర మీద అంతా ముచ్చటగా కనిపిస్తుంది, లాగ్ మాత్రం తప్పుగా నిండుతుంది. ఈ రెండో జాతికి చెందినవి దాదాపు అన్నీ మన ప్రాంతం దగ్గరే బయటపడ్డాయి.

మొదటి జాతికి ఒక ఉదాహరణ చెప్పి ముందుకు వెళతాను. రిగ్‌కు, అంటే రేడియో సెట్టుకు, కంప్యూటరు నుంచి ఫ్రీక్వెన్సీ చెప్పడానికి ఐకామ్ సంస్థ రూపొందించిన సీఐ-వీ అనే పద్ధతి ఉంది; ఇతర సంస్థల రిగ్‌లలో కొన్ని కూడా దానినే అనుసరిస్తాయి. ఇందులో ఫ్రీక్వెన్సీని పది అంకెల సంఖ్యగా రాసి, రెండేసి అంకెలు ఒక బైటుగా, చివరి జంట ముందు వచ్చేలా తిరగేసి పంపాలి. 14.074 మెగాహెర్ట్జ్ అయితే 00 40 07 14 00 అని పోవాలి. సహాయకుడు మొదట రాసిన కోడ్ దానిని తిన్నగా 00 14 07 40 00 అని పంపింది. రిగ్ దానిని తన పద్ధతిలో తిరగేసి చదువుకుంటే 40.0714 మెగాహెర్ట్జ్ అవుతుంది. అది తన పరిధిలో లేని అంకె కనుక రిగ్ కదలలేదు. తప్పు అక్కడికక్కడే దొరికింది, అక్కడికక్కడే దిద్దుబాటు జరిగింది. ఇలాంటి తప్పులంటే నాకు భయం లేదు.

ఇక ఆరుబయటి సంగతి. ఊళ్లో ఇంటి మేడ మీద 7 మెగాహెర్ట్జ్ వింటే ఎల్‌ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు, చార్జర్లు కలిసి చేసే గోలకు సిగ్నల్ బలం చూపే ఎస్ మీటరు ముల్లు ఏడెనిమిది దగ్గర నుంచి దిగదు. మైపాడు ఒడ్డుకు పోయి దుకాణాలకు దూరంగా, ఇసుక తడిగా ఉండే చోట కూర్చుంటే ఆ గోల అంతా పోయి బలహీనమైన గొంతులు కూడా వినబడతాయి. నేను తీసుకుపోయే సామాను పెద్దగా ఏమీ ఉండదు: లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ, చిన్న రిగ్, ఒకదానిలో ఒకటి ముడుచుకొనే ఫైబర్ గ్లాసు కర్ర, దాని వెంబడి నిలువుగా కట్టే ఐదు మీటర్ల రాగి తీగ, నేల మీద పరిచే మరి కొన్ని తీగలు. 14.2 మెగాహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యంలో నాలుగో వంతు ఐదు మీటర్ల చిల్లర అవుతుంది కనుక ఆ కొలత. ఇదే నిలువు తీగను ఇంటి దగ్గర కడితే సాధారణమైన పని చేస్తుంది, సముద్రపు అంచున కడితే ఆశ్చర్యపోయేంత పని చేస్తుంది. మామూలు నేలతో పోలిస్తే ఉప్పునీటి విద్యుద్వాహకత సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. అందువల్ల తరంగం నేలలో ఇంకిపోకుండా దిగంతాన్ని రాసుకుంటూ, చాలా తక్కువ కోణంలో బయలుదేరుతుంది. తక్కువ కోణంలో పోయిన తరంగం తరంగాలను తిప్పి పంపే పై వాతావరణపు పొర అయనోస్ఫియర్‌ను దూరంగా తాకి దూరంగా దిగుతుంది. పొద్దువాలే వేళ ఐరోపా స్టేషన్లు వినిపించడం మొదలుపెడితే కొన్ని వాట్లతోనే జవాబు రాబట్టుకోవచ్చు.

కర్ర నిలబెట్టగానే ఎవరో ఒకరు వచ్చి పలకరించడం మైపాడులో మామూలే. వల సరిచేసుకుంటున్న ఒక పెద్దాయన ఓసారి దగ్గరకు వచ్చి తీగను ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, "ఏంది సామీ, ఇంత పొడుగు గాలం కర్ర యాడ దొరికింది?" అన్నాడు. ఆ ఫైబర్ గ్లాసు కర్ర నిజానికి చేపలు పట్టే కర్రే కనుక ఆయన గుర్తుపట్టడంలో తప్పేమీ లేదు. "గాలం కాదన్నా, రేడియో ఏరియల్. టవర్ లేకుండా మాట్లాడేదానికి" అన్నాను. "అయితే మాకూ ఒకటి తెచ్చియ్యి. లోపలికి పోతే సెల్లు పలకదు" అన్నాడాయన. హ్యామ్ లైసెన్సును వ్యాపారానికో వృత్తికో వాడకూడదని, పడవలకు వేరే మెరైన్ సెట్లు ఉంటాయని చెప్పి, హెడ్‌ఫోను తీసి వినిపించాను. ఆ సమయానికి ఇటలీ నుంచి ఎవరో సీక్యూ అని, అంటే ఎవరైనా జవాబివ్వండని, పిలుస్తున్నారు. ఓపికగా విని, "గాలి బాగా కొడతావుంది, తాడు ఇంకో మేకుకి కట్టు" అని సలహా ఇచ్చి వెళ్లాడు. తీర ప్రాంతంలో పోలీసులు కూడా అడగవచ్చు. అడిగితే చూపడానికి లైసెన్సు నకలు సంచిలో ఎప్పుడూ ఉండాలి.

తెల్లవారుజామున 7 మెగాహెర్ట్జ్ మీద దేశంలోని స్టేషన్లతో మాట్లాడడం నాకు ఇష్టం, చిక్కు కూడా అక్కడే వచ్చింది. లాగ్‌లో సమయం ఎప్పుడూ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే అయిన ప్రామాణిక సమయంలో, రాయాలి. మన గడియారం దానికన్నా ఐదున్నర గంటలు ముందు. యూటీసీ ప్రకారం కొత్త తేదీ మనకు ఉదయం ఐదున్నరకు మొదలవుతుంది, అంటే బ్యాండ్ (మాకు కేటాయించిన ఫ్రీక్వెన్సీల పట్టీ) మంచి ఊపు మీద ఉండే వేళకు సరిగ్గా మధ్యలో తేదీ మారిపోతుంది. పార్కుల నుంచి రేడియో నడిపే పార్క్స్ ఆన్ ది ఎయిర్ వంటి కార్యక్రమంలో పాల్గొనేవారికి ఇది మరీ ముఖ్యం, ఎందుకంటే ఒక పార్కు లెక్కలోకి రావాలంటే ఒకే యూటీసీ రోజులో పది క్యూఎస్‌ఓలు (రేడియో సంభాషణలు) పూర్తి కావాలి. ఐదున్నరకు ముందు ఆరు, తర్వాత నాలుగు అయితే మొత్తం పదే అయినా లెక్క కుదరదు. సహాయకుడు మొదట రాసిన కోడ్ ఫోన్ గడియారంలోని సమయాన్నే తీసుకొని దాని వెనక యూటీసీ అని తగిలించింది. అది కాదని చెబితే సమయంలోంచి ఐదున్నర గంటలు తీసేసింది గాని తేదీని ముట్టుకోలేదు. పదిహేనో తేదీ తెల్లవారుజామున 4:50కి జరిగిన క్యూఎస్‌ఓ యూటీసీలో పద్నాలుగో తేదీ 23:20 కావాలి. ఆ కోడ్ దానిని పదిహేనో తేదీ 23:20గా రాసింది. అంటే ఇంకా ఇరవై నాలుగు గంటలు పోతేగాని జరగని సంభాషణ అన్నమాట! పగటిపూట పరీక్షిస్తే ఈ తప్పు ఎన్నటికీ బయటపడదు. ఐదున్నరకు ముందు లేచేవాళ్లకే కనబడుతుంది.

తర్వాతి పేచీ మన లిపితో వచ్చింది. హ్యామ్‌లు లాగ్‌లను ఇచ్చిపుచ్చుకోవడానికి ఏడీఐఎఫ్ అనే ఫైలు పద్ధతి ఉంది. అందులో ప్రతి వివరానికి ముందు దాని పేరు, ఆ వెంటనే ఆ వివరంలో ఎన్ని అక్షరాలు ఉన్నాయో ఆ సంఖ్య రాస్తారు. చదివే ప్రోగ్రాము ఆ సంఖ్య చూసుకొని సరిగ్గా అంతే చదివి ఆగుతుంది. ఇంగ్లిషులో అక్షరం, బైటు ఒకటే కనుక గొడవ లేదు. నేను వ్యాఖ్యల గడిలో తెలుగులో రాసుకుంటాను. ఉదాహరణకు 'ఉప్పుగాలి' అని రాశాననుకోండి. మన కంటికి అది నాలుగు అక్షరాలు: ఉ, ప్పు, గా, లి. యూనికోడ్‌లో పొల్లు, వత్తు, గుణింతపు గుర్తులు విడివిడిగా ఉంటాయి కనుక కంప్యూటరు దానిని తొమ్మిదిగా లెక్కపెడుతుంది. ఫైలులో దాచినప్పుడు ఒక్కొక్కదానికి మూడేసి బైట్లు చొప్పున ఇరవై ఏడు బైట్లు పడతాయి. సహాయకుడి కోడ్ తొమ్మిది అని రాసింది. వేరే లాగింగ్ ప్రోగ్రాము తొమ్మిది బైట్లు చదివి ఆగింది. 'ఉప్' అన్నంత వరకే మిగిలింది. ఆ మాటకొస్తే ఏడీఐఎఫ్‌లోని ఏడీఐ అనే ఈ రూపంలో ఇంగ్లిషు అక్షరాలు తప్ప వేరేవి రాయడమే నియమానికి విరుద్ధం. ఇతర లిపులకు ఏడీఎక్స్ అనే మరో రూపం, అందులో ప్రత్యేకమైన గడులు ఉన్నాయి. ఆ నియమాల పత్రాన్ని తెరిచి చూపించేదాకా సహాయకుడు ఆ ఊసెత్తలేదు. ఇప్పుడు తెలుగు వ్యాఖ్యలు నా సొంత ఫైలులో ఉంటాయి, బయటికి పంపే ఏడీఐలో వాటి జాడ ఉండదు. ఈ ఏర్పాటు నాకు పూర్తిగా నచ్చలేదు గాని, అవతలివారి ప్రోగ్రాములను నేను మార్చలేను కదా.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది బ్యాండ్ హద్దుల పట్టిక. పొరపాటున హద్దు దాటి ప్రసారం చేయకుండా ప్రోగ్రాము హెచ్చరించాలని అడిగాను. వచ్చిన పట్టికలో నలభై మీటర్ల బ్యాండ్ 7.0 నుంచి 7.3 మెగాహెర్ట్జ్ వరకు, రెండు మీటర్ల బ్యాండ్ 144 నుంచి 148 వరకు ఉన్నాయి. అవి అమెరికావారి హద్దులు. మనకు నలభై మీటర్లలో 7.2తోను, రెండు మీటర్లలో 146తోను ఆగాలి. 7.25లో మైకు నొక్కితే రిగ్ మారుమాట లేకుండా ప్రసారం చేస్తుంది, ప్రోగ్రాము పచ్చదీపం చూపుతుంది, నియమం మాత్రం ఉల్లంఘన అవుతుంది. లైసెన్సు మీద ఉన్నది నా పేరు, సహాయకుడిది కాదు. పట్టికను వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నియమాల ప్రకారం స్వయంగా నింపాను, ఆ ఫైలును మార్చవద్దని సహాయకుడికి గట్టిగా చెప్పాను. ప్రసారం మొదలుపెట్టే ఆదేశాన్ని కోడ్‌లో ఎక్కడా ఉంచనివ్వలేదు. ఫ్రీక్వెన్సీ చదవడం, మార్చడం వరకే దాని అధికారం. రిగ్ తగిలించకుండానే పరీక్షించుకోవడానికి హ్యామ్‌లిబ్ అనే ఉచిత లైబ్రరీలో ఉత్తుత్తి రిగ్ ఒకటి ఉంటుంది. కొత్త కోడ్ ఏది వచ్చినా ముందుగా దాని మీదే నడిపిస్తాను.

ఇన్ని తప్పులు ఏకరువు పెట్టాను కనుక దానివల్ల ప్రయోజనం లేదని ఎవరైనా అనుకుంటే అది సరికాదు. ప్రపంచమంతటా ఒకే విధంగా ఉండే విషయాల్లో అది నన్ను ఎంతో శ్రమ నుంచి తప్పించింది. కంప్యూటర్ల ద్వారా పొట్టి సందేశాలు పంపుకునే ఎఫ్‌టీ8 సంగతే తీసుకోండి. 1993లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి పంచుకున్న జో టేలర్, స్టీవ్ ఫ్రాంకీతో కలిసి 2017లో రూపొందించిన ఈ పద్ధతిలో ప్రతి పదిహేను సెకన్లకు ఒక వంతు, అందులో 12.64 సెకన్లు ప్రసారం. కంప్యూటరు గడియారం ఒకటి రెండు సెకన్లకు మించి తప్పితే అవతలివారి సందేశాలు విప్పడం కుదరదు. ఇంటర్నెట్ ఉన్నచోట గడియారం దానంతట అదే సరిపోతుంది. లేనిచోట యూఎస్‌బీ జీపీఎస్ ఒకటి తగిలించి, అది పంపే వాక్యాల్లోంచి సమయం తీసుకోవాలి. ఆ వాక్యాలను విడగొట్టడం, చివరన ఉండే సరిచూపు సంఖ్యను పోల్చడం, చెడిన వాక్యాన్ని పారవేయడం వంటి పనులను సహాయకుడు ఒక్క మాటలో అందుకొని తప్పు లేకుండా రాసింది. నేను సొంతంగా రాయాలంటే ఎన్ని ఆదివారాలు పోయేవో. రెండు గ్రిడ్‌ల మధ్య దూరం, దిక్కు లెక్కగట్టే భాగం కూడా అంతే.

వెలికొండల వైపు పోతే మరో సంగతి తెలిసింది. ఉదయగిరి దుర్గం మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న కొండ; శ్రీకృష్ణదేవరాయలు 1514లో గజపతుల నుంచి గెలుచుకున్న కోట అక్కడే ఉంది. 2002 మార్చి 2న బ్రిటన్‌లో మొదలైన, శిఖరాల మీద నుంచి రేడియో నడిపే సమ్మిట్స్ ఆన్ ది ఎయిర్ కార్యక్రమపు నియమాల ప్రకారం శిఖరం మీద వాహనంలోంచి రేడియో నడపకూడదు, ఇంధన జనరేటరు వాడకూడదు, బ్యాటరీ మోసుకొని ఎక్కాలి. ఆ కార్యక్రమంలో మార్కుల కోసం కాకపోయినా ఆ నియమాలను పాటించడం నాకు బాగుంటుంది. కొండ మీద సెల్ సిగ్నల్‌ను నమ్ముకోలేము, సిగ్నల్ లేకపోతే ఇంటర్నెట్ మీద బతికే సహాయకుడు మూగబోతాడు. ఒలామా వంటి సాధనంతో లాప్‌టాప్‌లోనే నడిచే చిన్న ఏఐ మోడల్‌ను తీసుకుపోయి చూశాను. తెలుగు ఆదేశం దానికి సరిగా ఎక్కలేదు, ఇంగ్లిషులో అడిగితే పనికి వచ్చే జవాబులు ఇచ్చింది. కాని అది ఆలోచిస్తున్నంతసేపు లాప్‌టాప్ పంకా రొద పెట్టింది, బ్యాటరీ గబగబా దిగిపోయింది, పైగా రిగ్‌లో కొత్త గోల మొదలైంది. కేబుళ్లకు ఫెర్రైట్ పూసలు తొడిగి, లాప్‌టాప్‌ను తీగకు దూరంగా జరిపితే గోల తగ్గింది గాని పోలేదు. కొండెక్కింది ఆ గోల తప్పించుకోవడానికే కనుక కోడ్ పని ఇంటికి, రేడియో పని కొండకు అని విడదీసుకున్నాను. పెంచలకోన చుట్టుపక్కల అభయారణ్యపు అడవిలోకి పోవాలనుకునేవారు అటవీశాఖ అనుమతి తీసుకోవాలి. చెట్ల కొమ్మలకు తీగ విసరడం అక్కడ తగదు.

ఇంటర్నెట్ లేకుండా పనిచేయాలన్న పట్టుదలకు కొండలే కారణం కాదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటడానికి ముందు నెల్లూరు జిల్లాను ముంచెత్తిన వానలు ఇక్కడ అందరికీ గుర్తే. హ్యామ్ రేడియో అక్కరకు వచ్చేది అలాంటప్పుడే. 2004 డిసెంబరులో హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో తరఫున భారతీ ప్రసాద్ బృందం అండమాన్‌లో స్టేషన్ పెట్టి ప్రపంచంతో సరదాగా మాట్లాడుతుండగా 26వ తేదీన సునామీ వచ్చింది. అప్పటిదాకా క్యూఎస్‌ఓలు లెక్కపెట్టుకుంటున్న ఆ స్టేషనే పోర్ట్ బ్లెయిర్ నుంచి క్షేమ సమాచారాలు పంపే కేంద్రంగా మారిపోయింది. నెల్లూరు నుంచి పోర్ట్ బ్లెయిర్ సుమారు 1,400 కిలోమీటర్లు, మధ్యలో సముద్రమే. 14 మెగాహెర్ట్జ్‌కు అదొక దూరం కాదు. అందుకని నా ప్రోగ్రాములో సందేశాలు రాసుకొనే ఒక పేజీ చేర్పించాను: ఎవరి నుంచి, ఎవరికి, ఎప్పుడు, ఏమని. లాగ్ అంతా మామూలు టెక్స్ట్ ఫైలుగా ఉంటుంది. సర్వర్ లేదు, ఖాతా లేదు, పాస్‌వర్డ్ లేదు. సహాయకుడు మాత్రం అడిగినప్పుడల్లా క్లౌడ్‌లో దాచుకోమని, లాగిన్ పేజీ పెట్టుకోమని ఉచిత సలహాలు ఇస్తూనే ఉంది.

కొత్త కోడ్ ఏది రాయించినా ముందు నడిపే పరీక్షల ఫైలు ఒకటి ఇలా తయారైంది. అందులో బెర్లిన్, సిడ్నీ లేవు. గాంధీబొమ్మ ఉంది, కావలి ఉంది, ఎనభయ్యో రేఖాంశానికి వంద మీటర్లు అటూ ఇటూ ఉన్న రెండు బిందువులు ఉన్నాయి. తెల్లవారుజామున 4:50, 5:29, 5:30 ఉన్నాయి. 'ఉప్పుగాలి' ఉంది. 7.199కి సరేననాలి, 7.201కి కాదనాలి. సహాయకుడు ఒక చోట మరమ్మతు చేస్తూ మరో చోట పాత తప్పును తిరిగి ప్రవేశపెట్టడం అరుదేమీ కాదు. ఈ ఫైలు ఉన్నాక అలాంటిది జరిగిన నిమిషంలోనే తెలుస్తోంది.

ఇప్పుడు చేతిలో ఉన్న పని అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోని హ్యామ్ రిపీటరు, అంటే విన్నదాన్ని మరో ఫ్రీక్వెన్సీలో తిరిగి ప్రసారం చేసే పరికరం. ఉపగ్రహాల ద్వారా మాట్లాడడం ఈ ప్రాంతానికి కొత్త ముచ్చట కాదు: 2005 మే 5న పీఎస్‌ఎల్‌వీ సీ6 మోసుకుపోయిన 42.5 కిలోల హ్యామ్‌శాట్ అనే హ్యామ్‌ల ఉపగ్రహం శ్రీహరికోట నుంచే లేచింది, అప్పటికి శ్రీహరికోట నెల్లూరు జిల్లాలోనే ఉంది. ఆ ఉపగ్రహం 2014లో మూగబోయింది. అంతరిక్ష కేంద్రం రిపీటరుకు మనం 145.990లో పంపాలి, 437.800లో వినాలి. కేంద్రం సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగంతో పోతుంది కనుక డాప్లర్ ప్రభావం వల్ల వినే ఫ్రీక్వెన్సీ పది కిలోహెర్ట్జ్ దాకా జరుగుతుంది. చేతిలో చిన్న యాగీ యాంటెన్నా తిప్పుతూ ఆ అంకెను కూడా తిప్పడం కష్టం. ప్రోగ్రామే ఆ అంకె చూపాలని అడిగాను. సహాయకుడు రాసిన లెక్కలో రెండు ఫ్రీక్వెన్సీలూ ఒకే వైపు జరుగుతున్నాయి. ఎదురుగా వస్తున్న కేంద్రం నుంచి వచ్చే తరంగం పైకి జరిగి వినిపిస్తుంది కనుక మనం పైకి ట్యూన్ చేయాలి. మనం పంపేది దానికి పైకి జరిగి చేరుతుంది కనుక మనం కిందికి జరిపి పంపాలి. 145లో ఆ జరుగుడు మూడున్నర కిలోహెర్ట్జ్ లోపే, ఎఫ్‌ఎం కనుక జరపకపోయినా పని నడుస్తుంది. అయినా అంకె తప్పుగా ఉంటే నాకు తోచదు. పరీక్షల ఫైలులో ఒక వరుస చేర్చాను: కేంద్రం దిగంతం నుంచి ఎక్కివస్తున్నప్పుడు వినేది 437.810 వైపు, పంపేది 145.987 వైపు కదలాలి. ప్రస్తుతానికి ఆ వరుస పాసు కాక ఎర్రగానే ఉంది.